ఎనిమిది అంగల గది

రోము నగరమున స్పానిష్ మెట్ల పాదమునుండి కోర్సో రాజవీధి వైపునకు సాగు కొండొట్టి వీధి, పూర్వము అగ్రిప్ప స్నానశాలలకు జలమును తెచ్చిన కాలువలనుబట్టి ఆ పేరు దాల్చినదని చెప్పుదురు. నేడా వీధి లోకమునందలి మిక్కిలి వెలగల ఆభరణములకును, దుస్తులకును, తోలుసంచులకును నిలయమై, ఇరువైపుల అద్దాల దుకాణములతో మెరయుచున్నది. ఆ మెరుపుల నడుమ 86వ సంఖ్యగల భవనపు క్రింది అంతస్తున, వెడల్పు తక్కువయు లోతు ఎక్కువయునైన ఒక కాఫీ అంగడి 1760వ సంవత్సరమునుండి కఫే గ్రెకో అను పేరుతో ప్రసిద్ధికెక్కినది. తూర్పు మధ్యధరా తీరమునుండి వచ్చిన నికోలా దెల్లా మద్దలేనా అను గ్రీకు జాతీయుడు దానిని నడపెననియు, అందుచేతనే దానికి గ్రీకువాని అంగడియను పేరు నిలిచినదనియు ప్రతీతి.

నేను ఆ అంగడికి వెళ్లినది ఉదయపు వేళ. వీధి తలుపు దాటగానే కుడియెడమల చూచుకొనుటకైన చోటులేని ముందు గది. అందొక పొడవైన బల్ల, దాని వెనుక కాఫీ యంత్రము, బల్ల నానుకొని నిలుచున్న నగరవాసులు. ఇటలీ దేశమున కాఫీ నిలుచుండి త్రాగునది. ముందుగా డబ్బు చెల్లించి, రసీదు తెచ్చి బల్లమీద నుంచినచో, అరనిమిషములో పింగాణి చిప్పలో రెండు మూడు గుక్కల నల్లని ద్రవము వచ్చును. త్రాగి, పలకరింపు ముగించి, ఎవరి పనికి వారు పోవుదురు. కూర్చుండి త్రాగదలచినవారు లోపలి గదులకు పోయి, అదే కాఫీకి అనేక రెట్లు మూల్యము చెల్లింపవలెను. ఈ భేదమును కొందరు యాత్రికులు మోసముగా భావింతురు గాని, నా కది ఒక గొప్ప ధర్మముగా తోచినది. ఆసనమునకు వెల ఎంతయైనను కట్టుడు, నిలుచుండి త్రాగు చిప్ప మాత్రము వీధి ఊడ్చువానికి సైతము అందుబాటులో ఉండవలెనను నియమమది. ఇంతటి ధనిక వీధిలో సామాన్యుడు సంకోచము లేక అడుగిడగల తావు మరియొకటి నాకు కనబడలేదు.

లోపలి గదులు ఎఱ్ఱని పట్టు గోడలతోను, చిత్రపటములతోను, చలువరాతి బల్లలతోను నిండియున్నవి. వానిలో ఒకటి మిక్కిలి ఇరుకై, ఎదురెదురుగా ఆసనములు కలిగి, పూర్వకాలపు గుఱ్ఱపు బండిని తలపించుటచే దానికి ఓమ్నిబస్ అను పేరు వచ్చినది. జర్మను సంగీతకర్త మెండెల్సన్ 1830–31 నడుమ రోములో నివసించినపుడు వ్రాసిన లేఖలలో ఈ అంగడిని ఎనిమిది అంగల వెడల్పుగల చిన్న చీకటి గదిగా వర్ణించి, పొగచుట్టలతోను పెంపుడు కుక్కలతోను అచ్చట గుమిగూడిన చిత్రకారుల రూపములను ఏవగింపుతో పేర్కొన్నాడు. ఆ ఎనిమిది అంగల చోటునకే జర్మను కవి గయటే వచ్చెను, ఫ్రెంచి రచయిత స్టెందాలు వచ్చెను, సంగీతకర్త లిస్టు వచ్చెను; రష్యను రచయిత గొగోలు తన మృతజీవులు నవలలో చాలభాగము రోములోనే వ్రాయుచు ఇచ్చట ప్రొద్దు గడపెను. దూరదేశములనుండి వచ్చిన కళాకారులకు స్థిరమైన ఇల్లు లేకుండుటచే, వారి ఉత్తరములు ఈ అంగడి చిరునామాకే వచ్చుచుండెను. మూడు రూకల కాఫీ కొన్నవానికి పోస్టు చిరునామాయు, వెచ్చదనమును, స్వదేశభాష మాటాడు తోడివాడును లభించిన కాలమది. ఆంగ్లకవి కీట్సు క్షయతో తీసికొనుచు, 1821 ఫిబ్రవరిలో తన ఇరువదియైదవ యేట కన్నుమూసిన గది ఇక్కడికి నాలుగడుగుల దూరముననే, మెట్ల ప్రక్కనే కలదు.

ఈ అంగడి చరిత్రలో నా మనస్సును మిక్కిలిగా ఆకర్షించినది మాత్రము మహాపురుషుల పేళ్లపట్టిక కాదు. 1806లో నెపోలియను ఇంగ్లండు వర్తకమును అడ్డగించుచు ఐరోపా రేవులను మూయించినపుడు కాఫీగింజలు దొరకుట దుర్లభమాయెను. నగరమునందలి ఇతర అంగళ్లవారు వేయించిన సెనగలును, చికోరీ దుంపలును పొడిచేసి, ఆ కషాయమునే కాఫీయని అమ్మసాగిరి. కఫే గ్రెకో యజమాని మాత్రము చిప్పను చిన్నది చేసి, ధర పెంచి, అచ్చమైన కాఫీనే పోసెనని ఆ అంగడివారు నేటికిని చెప్పుకొందురు. ధర పెంచినందులకు అలిగినవారు ఉండియుందురు. అయినను పరిమాణము తగ్గినదని బాహాటముగా చూపి, గుణమునందు లోపము రానీయని ఆ వర్తకుని నడవడి, రెండువందల సంవత్సరములకు పిమ్మట విన్న నాకును గౌరవమును కలిగించినది. చికోరీ పాలు ఎంతయో పొట్లముమీద చిన్న అక్షరములలో మాత్రమే తెలుపుచు అమ్ముడుపోవు మన దేశపు కాఫీపొడులను తలచుకొన్నపుడు ఆ గౌరవము మరింత హెచ్చినది.

ఒక విషయము ఇచ్చట చెప్పదగియున్నది. గయటే త్రాగినది నేటి ఎస్ప్రెస్సో కాదు. ఆవిరితో కాఫీ దింపు యంత్రమునకు మిలాను నగరపు బెజ్జేరా హక్కుపత్రము పొందినది 1901లో. చిప్పపై బంగారు వన్నె నురుగు తేలునట్లు అధిక పీడనముతో దింపు పద్ధతి గాజ్జియా యంత్రములతో రెండవ ప్రపంచయుద్ధానంతరము వ్యాపించినది. ఏడెనిమిది గ్రాముల పొడిగుండ తొమ్మిది వాతావరణముల పీడనముతో ఇరువదియైదు ముప్పది క్షణములు వేడినీరు ప్రసరించినచో ఆ రెండు గుక్కలు సిద్ధమగును. ఆ నురుగు నిలుచుటకై ఇటలీవారు తమ మిశ్రమములలో రొబస్టా గింజను కలుపుట వాడుక. భారతదేశపు కాఫీని కొను దేశములలో ఇటలీ అనేక సంవత్సరములుగా అగ్రస్థానమున నున్నది. కొడగు, చిక్కమగళూరు కొండలలో పండిన గింజ ఇటలీ బల్లలమీద ఎచ్చటెచ్చట దిగుచున్నదో త్రాగువారెరుగరు. మన కొండల పంట అంత దూరమేగి ఒక జాతి దినచర్యలో కలిసిపోయెనను తలంపు, బల్ల నానుకొని నిలుచున్నంతసేపు నన్ను వీడలేదు.

ఇటలీ ప్రభుత్వము 1953లో ఈ అంగడిని చారిత్రక ప్రాముఖ్యము గలదిగా గుర్తించి, దానికి చట్టరక్షణ కల్పించినది. ఇక భయమేమున్నదని మనము తలంతుము. కాని 2017లో కౌలు గడువు తీరినది. అప్పటికి నెలకు ఇంచుమించు 18 వేల యూరోలుగా నుండిన అద్దెను లక్ష దాటించవలెనని భవనస్వామి కోరుటయు, నడపువారు కాదనుటయు, వ్యాజ్యము న్యాయస్థానములకెక్కి ఏండ్ల తరబడి సాగుటయు జరిగినవి. ఆ స్వామి దురాశాపరుడైన వర్తకుడా యనిన, కాదు; అదియొక వైద్యశాల. అద్దెసొమ్ము రోగులకు ఉపయోగపడునని వారనుట అసత్యము కాదు. ఇరుగుపొరుగు నగల అంగళ్లు చెల్లించు అద్దెతో పోల్చినచో వారి కోరిక అసంగతము కూడ కాదు. చిక్కంతయు చట్టములోనే ఉన్నది. అది గోడను, పటమును, చలువరాతి బల్లను కాపాడును. ఆ బల్లమీద సామాన్యునికి అందు ధరకు చిప్ప దించు వ్యాపారమును కాపాడజాలదు. లక్ష యూరోల అద్దె రాబట్టవలసిన అంగడి ముందు గదిలో నిలుచుండి త్రాగువానికి చోటెంతకాలముండును?

ఇట్టి సమస్య మనకు క్రొత్తది కాదు. బెంగుళూరు మహాత్మాగాంధీ వీధిలో అర్ధశతాబ్దము నడచిన ఇండియన్ కాఫీ హౌస్, భవనస్వామితో వ్యాజ్యములో ఓడి 2009లో ఆ చోటు విడిచి చర్చి వీధికి తరలినది. అదే తలపాగా, అదే నడుముపట్టీ, అదే దోసె అచ్చటను దొరకును. కాని ఆ వీధి మూలను కూర్చుండి లోకమును చూచుటకు అలవాటుపడిన వృద్ధులలో ఎందరు తరలివెళ్లిరో! కలకత్తా కళాశాల వీధిలోని ఆల్బర్ట్ హాలు కథ వేరు. అచ్చటి కాఫీ హౌస్‌ను 1958లో మూసివేసినపుడు, ప్రెసిడెన్సీ కళాశాల, విశ్వవిద్యాలయముల ఆచార్యులు ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. ఆ సంవత్సరముననే తలుపులు తిరిగి తెరువబడినవి. ప్రభుత్వపు కాఫీ బోర్డు విడనాడిన కాఫీ హౌసులను పనివారే సహకార సంఘములుగా ఏర్పడి చేపట్టుట ఆ రోజులలోనే జరిగినది. చట్టము చేయలేని పనిని, త్రాగువారును వడ్డించువారును కలిసి చేయవచ్చునని ఆ కాలమువారు చూపిరి.

హైదరాబాదు అబిడ్స్‌లో మఖ్దూం మొహియుద్దీను వంటి కవులు కూర్చుండి ప్రొద్దుపుచ్చిన ఓరియంట్ హోటలు నేడు లేదు. అట్టివి ఎన్నియో ఇరానీ హోటళ్లు, అద్దెలు పెరిగియు, వారసులు విసిగియు, బహుళ అంతస్తుల ఆశ కలిగియు మూతబడినవి. అవి పోయినపుడు మనము పత్రికలలో జ్ఞాపకములు వ్రాసికొంటిమి. ఉన్నపుడు ఎవరికిని అర్జీ పెట్టలేదు. కవి యొకడు చాయ్ ఒకటి తెప్పించుకొని మూడు గంటలు కూర్చున్నను లేవుమనని చలువరాతి బల్ల, రాజభవనముతో సమానమైన చరిత్రయే యని నేను దృఢముగా నమ్మెదను. కోటకు, మసీదుకు, దేవిడీకి రక్షిత కట్టడముల పట్టికలో చోటిచ్చిన ప్రభుత్వము, మూలమలుపునందలి హోటలుకును చోటిచ్చి, ఆ చోట ఆ వ్యాపారమే సాగునంతకాలము భవనస్వామికి ఆస్తిపన్ను తగ్గించినచో, వైద్యశాల వంటి యజమానికిని నష్టము కలుగదు, అంగడికిని ఆయువు దక్కును.

సికిందరాబాదులోను, పాతబస్తీలోను ఇట్టి హోటళ్లు ఇంకను కొన్ని మిగిలియున్నవి. పాఠకులు తమ పేటలోని దాని పేరును, నెలకొన్న సంవత్సరమును, భవనపు స్థితిని వ్రాసి నగరపాలక సంస్థకు పంపవలెనని నా విన్నపము. కలకత్తా ఆచార్యులు చేసినది ఇంతమాత్రమే.