అందించినవాడా, గోలు కొట్టినవాడా?

మా రాయికల్ మిత్రులలో ఒక వాదం తరచు చెలరేగుతుంటుంది. ఫుట్‌బాల్‌లో బంతిని అందించినవాడు ఘనుడా, గోలు కొట్టినవాడు ఘనుడా? బంతిని చేతులతో విసరి ఆడే అమెరికావారి ఫుట్‌బాల్‌లోను విసరినవాడా, అందుకొన్నవాడా అని ఇదే జగడమట!

మనవారు పి.కె. బెనర్జీ, చున్నీ గోస్వామి పేర్లతోనే వాదం ముగించెదరు. మూడవ పేరును మరచుట న్యాయమా? 1936లో సికింద్రాబాదు అమ్ముగూడలో జన్మించిన తులసీదాస్ బలరాం వారిలో ఎవరికిని తీసిపోడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు చేసిన గోల్స్ మూడే. హంగేరీపై ఒకటి, పెరూపై ఒకటి, రెండు ఆయనవే. అయినను ఆ లెక్క ఒక్కటే చూపి ఆయనను గెలిపించుట నాకు సమ్మతం కాదు. అందించుటలోను ఆయన అంతటి నేర్పరి. కనుకనే నా ఓటు ఆయనకు.

హైదరాబాదు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులో ఈ ముగ్గురూ ఉన్నారు. తక్కిన ఇద్దరికీ పద్మశ్రీ లభించింది. బలరాంకు 1962లో అర్జున పురస్కారం వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేవరకు పద్మశ్రీ మాత్రం రాలేదు.