ఆ కెప్టెన్‌కు కోపమొక్కటే వస్తాదా?

2017 ఫిబ్రవరి 17న సబ్‌మెరైన్ యుద్ధం సినిమా ‘ఘాజీ’ విడుదలైంది. ఆ వారమే ప్రొద్దుటూరులో చూశాను. తెరమీద నావికులు జనగణమన అందుకోగానే హాల్లో సగంమంది లేచారు, సగంమంది పక్కవాళ్ల మొహాలు చూశారు. సినిమా హాళ్లలో జాతీయగీతం వేయాలి, అందరూ నిలబడాలి అని సుప్రీంకోర్టు 2016 నవంబరు 30న ఆదేశించి ఉండింది. కథలో భాగంగా గీతం వస్తే లేవనక్కర్లేదని ఫిబ్రవరి 14న వివరణ కూడా ఇచ్చింది. మూడు రోజుల్లో ఆ మాట ఎంతమంది చెవిన పడుతుంది? మా వరసలో అందరికన్నా ముందు లేచింది ఒక రిటైరైన ఉర్దూ అయ్యవారు. ముందు సీటు పట్టుకొని, మోకాలి నొప్పికి పెదవి బిగించి, గీతం అయిపోయేదాకా కదల్లేదు.

బయట టీ తాగుతా ఆయన అడిగిన మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. “శత్రువును రెచ్చగొట్టడానికి మనోళ్లు ‘సారే జహాఁ సే అచ్ఛా’ పాడినారు గదా సార్. అది రాసింది ఇక్బాల్. పాకిస్తానోళ్లు ఆయన్ను వాళ్ల జాతీయ కవి అంటారు. ఆ పాకిస్తాన్ కెప్టెన్ చిన్నప్పుడు ఇక్బాల్‌ను చదువుకోకుండా ఉంటాడా? ఆ పాట వింటే ఆయప్పకు కోపమొక్కటే వస్తాదా?”

‘ఘాజీ’ మంచి సినిమా. సంకల్ప్ రెడ్డికి అది మొదటి చిత్రం. డ్యూయెట్లు లేకుండా, ఇనుప గొట్టంలాంటి ఇరుకులో, సోనార్ చప్పుడు మీద రెండు గంటలు ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టడం మన పరిశ్రమలో తేలిక కాదు. 65వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రమైంది. అందులో గట్టి రాజకీయ ప్రశ్న కూడా ఉంది. మన సబ్‌మెరైన్ ఎస్-21 కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్ ఆదేశాల కోసం ఆగని మనిషి. ఆయన తొందరపడి యుద్ధం తెచ్చిపెట్టకుండా చూడమని పైవాళ్లు అర్జున్ వర్మను పంపుతారు. ప్రజాస్వామ్యంలో తుపాకి ఎవరి మాట వినాలన్నదే వాళ్లిద్దరి మధ్య తగవు. మొదటి సగం ఆ తగవును నిజాయితీగా నడిపించింది. కెప్టెన్ పోయాక అర్జున్ కూడా ఆయన దారే పడతాడు, హాలంతా చప్పట్లు కొడుతుంది. ఆ ప్రశ్నను అక్కడే వదిలేయడం నాకు వెలితిగా అనిపించింది.

అంతకంటే పెద్ద వెలితి అవతలి ఓడలో ఉంది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కెప్టెన్ రజాక్‌కు కళ్లెర్రజేయడం, పళ్లు కొరకడం తప్ప మరో పని ఇవ్వలేదు. అసలు ఘాజీని నడిపింది కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్. అమెరికా ‘డయాబ్లో’ పేరుతో కట్టిన ఆ పాత సబ్‌మెరైన్‌ను 1964లో పాకిస్తాన్‌కు ఇచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ముందు మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకని మన నౌకాదళం అంటుంది, తాను పరిచిన మైన్లకే పేలిందని పాకిస్తాన్ అంటుంది. లోపలున్న తొంభైమందికి పైగా మనుషుల్లో ఒక్కడూ బయటపడలేదు. అంత దూరం అంత పాత ఓడలో వచ్చినవాళ్లకు ధైర్యం లేదని ఎట్లా అంటాం?

ఈ మాట కడప జిల్లావాడిగా అంటున్నాను. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ ఆడినప్పటి నుంచి తెరమీద మనమేమిటి? తెల్లచొక్కా, సుమో బండ్లు, నాటుబాంబులు, తొడగొట్టడాలు. పులివెందుల, జమ్మలమడుగు నుంచి హైదరాబాదుకు చదువుకోడానికి పోయిన పిల్లలను హాస్టల్లో మొదట అడిగేది “మీ ఇంట్లో బాంబులుంటాయా?” అనే. నవ్వి ఊరుకుంటారు, కానీ ఆ నవ్వు ఎంత కష్టమో వాళ్లకు తెలుసు. తెరమీద ఒకే మొహం తగిలించుకొని బతికిన మనకు, రజాక్‌కు తగిలించిన మొహం ఇట్టే కనపడాలి.

వీరరసం మనకు కొత్తేమీ కాదు. ‘శివభారతం’ రాసిన గడియారం వేంకట శేషశాస్త్రి, ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని ప్రొద్దుటూరులో ఉండి రాసినవాళ్లే. తెల్లదొరల కాలంలో వాళ్లు దేశభక్తిని కావ్యం చేశారు. ‘శివభారతం’లోని ఒక ఘట్టం ‘మాతృభావన’ పేరుతో పదో తరగతి తెలుగు వాచకంలో పాఠమైంది. ఓడిన సర్దారు రాణివాసాన్ని సోనదేవుడు బంధించి తెస్తే శివాజీ మండిపడతాడు. ఆ యవనకాంతను తల్లిగా భావించి, సారె పెట్టి, సగౌరవంగా పంపిస్తాడు. శాస్త్రిగారి శివాజీ శత్రువు ఇంటి మనిషిని తల్లిగా చూసి పెద్దవాడయ్యాడు.

బయటి నుంచి ఒక్క ఉదాహరణ. 1981 నాటి జర్మన్ చిత్రం ‘దాస్ బూట్’లో హిట్లర్ కాలపు నావికులు బ్రిటిష్ సైనికులు పాడుకునే ‘టిప్పరరీ’ రికార్డు పెట్టుకొని గొంతు కలుపుతారు. నీళ్ల అడుగున శత్రువు పాట పాడుకుంటున్న ఆ కుర్రవాళ్లు మరి మరపుకు రారు. మన సినిమా చేతిలో అంతకంటే గొప్ప అవకాశం ఉంది. ‘సారే జహాఁ సే అచ్ఛా’ రెండు ఓడలూ ఎరిగిన కవి పాట. కెమెరా ఒక్క క్షణం ఘాజీ లోపలికి పోయి, ఏ మూలనో ఒక నావికుడి పెదవి ఆ పాటకు కదిలినట్టు చూపించి ఉంటే!

మన బడిపిల్లలు విహారయాత్రకు విశాఖ పోతే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కుతారు. సినిమాలో చూసిన ఎస్-21 తరగతిదే అది, దాని నెంబరు ఎస్-20. గుండ్రటి తలుపులో తల వంచి, కాలు ముందు పెట్టి దూరాలి. ఒకదానిమీద ఒకటి బిగించిన పడకలు, మోచేయి చాచితే తగిలే గొట్టాలు చూసి పిల్లలు గుసగుసలాడతారు. అవతలి చివర మెట్లు దిగి ఇసుకలోకి వస్తే ఎదురుగా సముద్రం. ఘాజీ, అందులోని మనుషులు ఇంకా ఆ నీళ్ల కిందే ఉన్నారు.