ఆ గిటార్ బిట్ ఏది?

నా పాటల జాబితాను ఈ వారం కొత్త యాప్‌లోకి మార్చుకున్నాను. బీటిల్స్ ‘లెట్ ఇట్ బీ’ అందులో రెండుసార్లు ఉందని, ఒకదాన్ని అదే తీసేసింది. పోయింది 1970 మార్చిలో వచ్చిన సింగిల్. మిగిలింది అదే ఏడాది మే నెలలో ఆల్బమ్‌తో వచ్చింది. పేరు ఒకటే, పాడింది ఒకరే, నిడివిలో తేడా పది పదిహేను సెకన్లు. ఆ యాప్ లెక్కలో అవి రెండూ ఒకటే. నా లెక్కలో కావు. పైగా ఉంచాల్సినదాన్ని తీసేసి, తీసేసినా ఫర్వాలేనిదాన్ని ఉంచింది.

రెండిటికీ పునాది ఒకటేనన్నది నిజం. లండన్‌లో సావిల్ రో భవనం డాబా మీద బీటిల్స్ చివరిసారి బహిరంగంగా వాయించిన మర్నాడు, 1969 జనవరి 31న, అదే భవనం కింది స్టూడియోలో ఈ పాట రికార్డయింది. పియానో ముందు పాల్ మెకార్ట్నీ, బేస్ పట్టుకుని జాన్ లెనన్, డ్రమ్స్ దగ్గర రింగో స్టార్, ఆర్గాన్ మీద బిల్లీ ప్రెస్టన్. ఆ రోజు టేపే సింగిల్‌కీ ఆధారం, ఆల్బమ్‌కీ ఆధారం. తేడా అంతా తర్వాత దాని మీద ఏం చేర్చారు, చేర్చినవాటిలో దేన్ని పైకి తెచ్చారు, దేన్ని అణిచారు అన్నదాంట్లో ఉంది.

ముఖ్యంగా మధ్యలో వచ్చే గిటార్ బిట్. జార్జ్ హారిసన్ దాన్ని ఏప్రిల్ 30న ఒకసారి వాయించాడు. గిటార్ ధ్వనిని లెస్లీ స్పీకర్ గుండా పంపారు. అది మామూలుగా ఆర్గాన్‌కు వాడేది. దాని లోపలి భాగం తిరుగుతూ ఉంటుంది కనుక స్వరం సన్నగా వణుకుతుంది. మరుసటి ఏడాది జనవరి 4న అతనే ఇంకో బిట్ వాయించాడు. అది గరగరలాడుతూ, కోపం పట్టలేనట్టుగా దూసుకొస్తుంది. నిర్మాత జార్జ్ మార్టిన్ సింగిల్ కోసం ఏప్రిల్‌దాన్ని తీసుకున్నాడు. ఆల్బమ్‌ను ఆ మార్చిలో చేతికి తీసుకున్న ఫిల్ స్పెక్టర్ జనవరిదాన్ని ఎంచుకున్నాడు.

ఈ పాట ఎందుకు పుట్టిందో తెలిస్తే ఏది సరైనదో చెవికే తెలుస్తుంది. పద్నాలుగేళ్ల వయసులో పోగొట్టుకున్న తల్లి మేరీ, జట్టు విడిపోతున్న రోజుల్లో కలలోకి వచ్చి ధైర్యం చెప్పిందని, పాట అందులోంచే వచ్చిందని మెకార్ట్నీ చెప్పుకున్నాడు. అలాంటి పాటలో గొంతు ఆగిన చోట గిటార్ ఏం చెయ్యాలి? మన కచేరీలో గాయకుడు ఆపిన చోటు నుంచి వయొలిన్ విద్వాంసుడు ఆ సంగతినే అందుకుని, గాయకుడి భావం చెదరకుండా నాలుగడుగులు నడిపించి తిరిగి అప్పగిస్తాడే, అలా చెయ్యాలి. ఏప్రిల్ బిట్ అచ్చంగా అదే చేస్తుంది. పక్కనున్న ఆర్గాన్ ఒరవడిలోనే వణికి, పియానోకు దారిచ్చి తప్పుకుంటుంది. జనవరి బిట్ గొప్ప వాయింపే, కాదనను. కానీ ఓదార్పు మధ్యలో గొంతు పెంచినట్టుంటుంది.

స్పెక్టర్ అంతటితో ఊరుకోలేదు. మార్టిన్ వెనక ఎక్కడో ఉంచిన ఇత్తడి వాద్యాలను ముందుకు లాక్కొచ్చాడు. రెండో చరణంలో డ్రమ్స్ తాళాలకు ప్రతిధ్వని తగిలించాడు. చివర పల్లవిని ఇంకోసారి తిప్పాడు. అదే ఆల్బమ్‌లోని ‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ మీద వయొలిన్లూ స్త్రీల కోరస్సూ కుమ్మరిస్తే మెకార్ట్నీ మండిపడ్డాడు. జట్టు వ్యవహారం కోర్టుకెక్కినప్పుడు ఆ సంగతీ ఏకరువు పెట్టాడు. స్పెక్టర్‌కు అసంపూర్తి టేపుల గుట్ట అప్పగించారు కదా, పాపం అతనేం చేస్తాడు అని వాదించేవాళ్లున్నారు. ఈ పాట అసంపూర్తిది కాదు. ఆల్బమ్ వచ్చేనాటికే అమెరికాలో రెండు వారాలు మొదటి స్థానంలో ఉండి దిగింది. తర్వాత 1973 నీలం అట్ట సంకలనంలోనూ, 2000లో వచ్చిన ‘1’లోనూ వేసింది సింగిల్‌నే. స్పెక్టర్ చేర్పులు తీసేసిన ఆల్బమ్‌ను 2003లో మళ్లీ విడుదల చేయాల్సి వచ్చిందంటే, ఇంకేం సాక్ష్యం కావాలి?

సరే, నా అభిరుచితో మీరు ఏకీభవించకపోవచ్చు. అయితే ఎంచుకోవడానికి ముందు అవి రెండున్నాయని తెలియాలి కదా. ఆ యాప్‌లో పాట పేరు కింద ‘రీమాస్టర్డ్’ అని ఒక మాట, ఒక సంవత్సరం. అది రీమాస్టర్ చేసిన ఏడాది, రికార్డయిన ఏడాది కాదు. గిటార్ బిట్ ఏ రోజుదో, మిక్సింగ్ ఎవరు చూశారో లేదు. ఆర్గాన్ వాయించిన ప్రెస్టన్ పేరు అసలే లేదు. ఇదే బీటిల్స్ 1969లో ‘గెట్ బ్యాక్’ సింగిల్ లేబుల్ మీద తమ పేరు పక్కన అతని పేరు అచ్చు వేయించారు. గుండ్రటి చిన్న కాగితం మీద పట్టిన పేరు ఇంత పెద్ద తెర మీద పట్టదా?

మన పాటల సంగతి ఇంకా అన్యాయం. ఆకాశవాణిలో పాట వేసే ముందు సినిమా పేరు, రాసినవారు, పాడినవారు, సంగీతం కట్టినవారు అని వరసగా చెప్పేవారు. నా తరానికి ఆరుద్రెవరో, ఆత్రేయెవరో తెలిసింది ఆ ప్రకటనల వల్లే. ఇవాళ పాట తెరిస్తే హీరో బొమ్మ కనిపిస్తుంది. రచయిత కోసం మూడుచోట్ల నొక్కి వెతకాలి. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలకు మించి పట్టదు కాబట్టి పెద్ద పాటలను ఆ రోజుల్లో కుదించేవారు, లేదా రెండు వైపులకూ పంచేవారు. సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండదు. ఇప్పుడు యాప్‌లో మోగేది రికార్డు పాటా, సినిమా సౌండ్‌ట్రాక్‌లోంచి తీసిందా? ఎక్కడా రాయరు. చరణం తగ్గిందని గుర్తుపట్టే చెవులు ఏటేటా తగ్గిపోతున్నాయి.

వాద్యకారుల పేర్లయితే ఏ కాలంలోనూ సరిగ్గా లేవు. కె.వి. మహదేవన్ పాటలకు వెనక ఉండి అంతా నడిపిన పుహళేంది పేరు టైటిల్స్‌లోనైనా చూశాం. ఆయన ఎదుట కూర్చుని ఇంటర్‌లూడ్‌లో ఫ్లూట్ బిట్ వాయించినవారెవరు? వీణ ఎవరిది? షెహనాయి ఎవరిది? సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ పూనికతో మద్రాసులో వాద్యకారులు సంఘం పెట్టుకుని కూలి కోసం పోరాడారు. పేరు కోసం పోరాడినవారు లేరు. పాత పాటల హక్కులు చేతిలో పెట్టుకుని నెలనెలా డబ్బు చేసుకుంటున్న ఆడియో కంపెనీలు ఒక మనిషిని చెన్నైకి పంపవచ్చు. ఎనభై దాటిన వాద్యకారులు వడపళని, కోడంబాక్కం వీధుల్లో ఇంకా ఉన్నారు. పాట వినిపించి, ఈ బిట్ ఎవరిదని అడిగితే చెబుతారు. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.