సంఘం షాటు

పిల్లలూ! 1847 ఫిబ్రవరి 22న మా కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంఫిణీవారు ఉరితీశారు. ఈ సంగతి మీలో చాలామంది సినిమాలో చూసేవుంటారు. కుంఫిణీవారి కాగితాలలో ఆయన ఉత్త తిరుగుబాటుదారు. మా పల్లెల పాటలలో మాత్రం ఆయన మహావీరుడు. కాగితాలు రాసినవారు దొరలు. పాటలు పాడినవారిలో చాలామందికి చేవ్రాలైనా రాదు. మనిషి ఒకడే, కథలు రెండు. దొరల చేతిలో కలం వుంది, పల్లెవాళ్ళకు నోరుంది. ఆ నోరే లేకపోతే మనకు ఒక్క కథే మిగిలేది.

ఈ నెల చెప్పబోయేది కలం సంగతి కాదు, కెమెరా సంగతి.

టెలివిజనులో ప్రొడ్యూసరు అనే ఉద్యోగి ఒకడుంటాడు. తెరమీద ఆయన కనిపించడు. కాని ఏ కథ తియ్యాలి, ఎవరిచేత మాట్లాడించాలి, తీసినదాంట్లో ఏది వుంచి ఏది కత్తిరించాలి అనేది ఆయన చేతిలోనే వుంటుంది. పి. వి. సతీష్ గారు అటువంటి ప్రొడ్యూసరు. 1945లో మైసూరులో పుట్టారు. ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌లో చదువుకొని, దూరదర్శన్‌లో చేరి, మన తెలుగు పల్లెలకోసం కార్యక్రమాలు తయారుచేశారు.

ఆ రోజులలో పల్లెలో టెలివిజను అంటే పెద్ద వింత. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఒక్క ఏడాదిపాటు, ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికావారు ఎ.టి.ఎస్-6 అనే తమ ఉపగ్రహాన్ని మనకు ఎరువిచ్చారు. ఆరు రాష్ట్రాలలో దాదాపు 2,400 గ్రామాలకు టెలివిజను పెట్టెలు చేరాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా వున్నాయి. ఇంటింటికీ కాదు సుమా! ఊరికొక్క పెట్టె. దానిపక్కనే పది అడుగుల వెడల్పున, ఇనుపవలతో చేసిన గొడుగులాంటి ఏంటెనా. ఉదయం బడిపిల్లలకు కార్యక్రమాలు, సాయంత్రం పెద్దవాళ్ళకు సేద్యం, ఆరోగ్యం వగైరాలు.

ఆ గొడుగును ఒకసారి ఆకాశంవైపు తిప్పి బిగిస్తే, మళ్ళీ కదపవలసిన పని లేదు. ఎందుచేత? ఉపగ్రహం భూమిచుట్టూ తిరుగుతూనే వుంటుంది కదా! అక్కడే వుంది కిటుకు. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం గంటన్నరలోనే ఒక చుట్టు చుట్టేస్తుంది. పైకి పోయినకొద్దీ దాని నడక నిదానిస్తుంది, చుట్టూ పెద్దదవుతుంది. భూమధ్యరేఖకు నేరుగా పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వున్నది ఒక చుట్టు తిరగడానికి ఒక రోజు పడుతుంది. భూమి కూడా అంతసేపట్లోనే తనచుట్టూ తాను తిరుగుతుంది. కాబట్టి అది మన నెత్తిమీద మేకు కొట్టినట్టు నిలబడినట్టే కనిపిస్తుంది. అంత ఎత్తునుంచి చూస్తే మన దేశమంతా ఒక్క చూపులో పడుతుంది. అహమ్మదాబాదునుంచి పంపిన బొమ్మ ఎక్కడో మారుమూల పల్లెలో దిగడానికి కారణం అదే.

సతీష్ గారు ఆ ప్రయోగంలో పనిచేశారు. దానిలో ఒక చిక్కు వుంది. బొమ్మ పైనుంచి పల్లెకు దిగుతుంది, పల్లెనుంచి పైకి పోదు. పట్నంలో కూర్చున్నవాళ్ళు చెప్పాలి, పల్లెవాళ్ళు వినాలి. వింటున్నవాళ్ళకు తెలిసినది చెప్పుకొనే దారి ఏది?

సంగారెడ్డి జిల్లాలో, కర్నాటక సరిహద్దున, జహీరాబాదు దగ్గర పస్తాపూర్ అనే ఊరుంది. అప్పుడది మెదక్ జిల్లా. ఆ ప్రాంతం కూడా మా సీమలాగే వానకు మొగం వాచిన నేల. 1983లో సతీష్ గారు, కొందరు మిత్రులూ కలిసి అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థను నెలకొల్పారు. ఊరూరా ఆడవాళ్ళు సంఘాలుగా చేరారు. చాలామంది దళితులు, కూలినాలి చేసుకొనేవారు, సెంటో కుంటో భూమి వున్నవారు. క్రమంగా 75 ఊళ్ళకు, సుమారు 5 వేలమందికి ఆ సంఘాలు పెరిగాయి. వాళ్ళు బీడుభూములను సాగులోకి తెచ్చారు. జొన్నలు, కొర్రలు, సామలు, తైదలు పండించారు. తైదలంటే మన రాగులే. ఒకే చేనులో పది పదిహేను రకాలు కలిపి చల్లారు. వాన మొహం చాటేస్తే ఒకటి పోయినా ఒకటి దక్కుతుంది కదూ!

ఏ విత్తనం ఎప్పుడు చల్లాలో, ఏది పురుగు పట్టకుండా ఎలా దాచాలో ఆ తల్లులకు తెలిసినంతగా చాలామంది చదువుకున్నవాళ్ళకు తెలియదు. కాని దాన్ని రాసిపెట్టడానికి వాళ్ళకు అక్షరాలు రావు. సరే, అక్షరాలు రాకపోతే కెమెరా వుందిగా! 1990లలో సంఘం ఆడవాళ్ళలో కొందరు వీడియో తియ్యడం నేర్చుకున్నారు. కెమెరాకు కావలసింది కన్నూ, ఓపికా. అవి రెండూ వాళ్ళకు కావలసినన్ని వున్నాయి. (అలాగని మీరు బడి మానేసి కెమెరా కొనిపెట్టమని ఇంట్లో పేచీ పెట్టకండి. బడిపంతులు చెప్పాడని నా పేరు చెప్పారంటే మీ నాన్నగారు నామీదికి వస్తారు!)

వాళ్ళు చేసిన పనులన్నింటిలోనూ నాకు బాగా నచ్చినది ఒకటి చెబుతాను. సినిమావాళ్ళు కెమెరా పెట్టే తీరులకు ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నారు. ఈ ఆడవాళ్ళు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పల్లెలో పటేలు అరుగుమీద కూర్చుని కిందికి చూస్తాడు. కూలివాడు కిందనుంచి తలెత్తి పటేలును చూస్తాడు. సంఘంలో అయితే అందరూ నేలమీద చుట్టూ కూర్చుంటారు, ఒకరి కళ్ళల్లోకి ఒకరు సూటిగా చూసుకుంటారు. అందుచేత కన్నుకు కన్ను సమానంగా పెట్టి తీసినదానికి వాళ్ళు ‘సంఘం షాటు’ అన్నారు. పటేలుకూ ఒక షాటు ఇచ్చారు లెండి!

ఇది ఉత్త పేర్ల సరదా కాదు. మీరే పరీక్షించి చూడండి. నేలమీద పడుకుని, నిలబడివున్న మీ తమ్ముడికేసి చూడండి. కాళ్ళు దగ్గరగా వుండడంచేత పెద్దవిగా, తల దూరంగా వుండడంచేత చిన్నదిగా కనిపిస్తుంది. వాడి వెనక ఆకాశం తప్ప మరేమీ వుండదు. వాడు తాటిచెట్టంత మొనగాడనిపిస్తాడు. తరవాత మిద్దె ఎక్కి కిందికి చూడండి. ఆ తమ్ముడే నేలకు అతుక్కుపోయిన పిడికెడు మనిషి. వాడు మారలేదు, మన చోటు మారింది. పేదవాళ్ళమీద తీసిన చిత్రాలలో కెమెరా తరచుగా మిద్దె ఎక్కే వుంటుందని నా అభిప్రాయం. చూసినవాళ్ళకు జాలి కలుగుతుంది. ఆ మనిషికి ఏమి తెలుసునో మాత్రం ఒక్క ముక్కా తెలియదు.

2002లో మన దేశంలో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. ఈ ఆడవాళ్ళు వరంగల్లు వెళ్ళి, పంటకాలమంతా ఆ రైతుల వెంట తిరిగి, వాళ్ళకు ఆ పత్తిమీద ఎందుకు కోపం వచ్చిందో 2003లో చిత్రంగా చూపించారు. ఆ చిత్రం విదేశాలకు కూడా వెళ్ళింది. వాళ్ళ మాటను ఒప్పుకోనివారూ వున్నారు. ఈనాడు దేశంలో పత్తిచేలల్లో అధికభాగం బి.టి. పత్తే. మా రేగడి నేలల్లోనూ దాన్ని వేసినవారున్నారు. ఆ వాదం నేను తీర్చలేను. కాని ఆ వాదంలో రైతు గొంతు కూడా వినిపించింది, వినిపించినది మరో రైతు. అదే నాకు ముఖ్యం.

రేడియో కథ ఇంకా ఓపిక కావలసిన కథ. 1995లో సుప్రీంకోర్టు, ఆకాశంలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గాని లైసెన్సు రాలేదు. సంఘంవాళ్ళు కార్యక్రమాలు తయారుచేసి, టేపులమీద రికార్డు చేసి, సమావేశాలలో వేసుకొని వింటూ కూచున్నారు. స్వచ్ఛందసంస్థలకూ రేడియో పెట్టుకొనే వీలు 2006లో గాని కలగలేదు. చివరకు 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో ‘సంఘం రేడియో’ పలికింది. దాన్ని ప్రారంభించినది ఎవరనుకున్నారు? 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన పి. బి. సావంత్ గారే! నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు నర్సమ్మలు. అందులో వినిపించినది పుస్తకాల తెలుగు కాదు, వాళ్ళ ఊరి మాట. తమ ఇంటి మాట రేడియోలో విన్న పిల్లలు, ఆ మాట మాట్లాడితే తప్పని ఇంకెలా అనుకుంటారు?

ఈ రోజుల్లో ‘నిజజీవితం’ అని పేరు పెట్టి పదిమందిని ఒక ఇంట్లో పెట్టి తాళం వేసి, వాళ్ళ పోట్లాటలను టెలివిజనులో చూపిస్తున్నారు. అది నిజమైతే కావచ్చు, జీవితం మాత్రం కాదు.

సతీష్ గారు 2023 మార్చి 19న హైదరాబాదులో కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి ఆ ఏటినే అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. దూరదర్శన్‌లో ఆయన తీసిన కార్యక్రమాలు ఈనాడు చూసేవారు లేరు. పస్తాపూర్ ఆడవాళ్ళు తీసినవి మాత్రం చూస్తూనే వున్నారు.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఫోను వుంది, దానికి కెమెరా వుంది. వచ్చే సెలవులలో మీ అవ్వనో తాతనో, వాళ్ళ చిన్నతనంలో మీ ఊళ్ళో ఏమేమి పండేవో అడిగి రికార్డు చెయ్యండి. మా వైపు అయితే ఆరికలు, కొర్రలు, సద్దలు తప్పకుండా వస్తాయి. అవ్వ కింద కూచుంటే మీరూ కింద కూచోండి. ముందు ఆమె అనుమతి అడగండి. మధ్యలో మాట అందించకండి, ఆమె మరిచిపోయినా కాస్త ఆగితే గుర్తొస్తుంది. పొలంలో తీస్తే గాలి బుస్సుమని మాటలను మింగేస్తుంది. అందుకని ఫోను మైకుమీద పలచని నూలుగుడ్డ ఒక మడత కప్పి, గాలికి వీపు పెట్టి కూచోండి.