కొండదారిలో దోషపు బండ్లు

2023 ఆగస్టులో మహీంద్రా సంస్థ 1,08,306 ఎక్స్‌యూవీ 700 కార్లను పరీక్షకై వెనుకకు పిలిచినది. ఇంజను గదిలోని తీగెలకట్ట ఒరసికొని తెగవచ్చునని హేతువు చెప్పినది. దోషమును బయటపెట్టుట స్వదేశి పరిశ్రమకు తలవంపు కాదు. అంతవరకు మేము మెచ్చుకొనుచున్నాము.

అయినను ఇట్టి పిలుపు హుకుంపేట కెట్లు చేరును? పాడేరునకును అరకునకును నడుమనున్న ఈ మన్యపుటూళ్లకు బండ్లు తరచుగా చేతులు మారి వచ్చును. కంపెనీ జాబు తన లెక్కలలోనున్న తొలి యజమానికి పోవును; బండి మాత్రము కొండపై నుండును. ఘాటీ ఎక్కునపుడు ఇంజను ఎడతెగక బరువు లాగును. రేడియేటరులో నీరు తగ్గినదా, కాగి ఆగిపోవును. మైదానమున చిన్నదిగా దోచు లోపము ఇచ్చట లోయయంచున బయటపడును.

మోటారు వాహనముల చట్టమున 2019లో చేర్చిన 110ఏ సెక్షను, దోషపు బండ్లను వెనుకకు పిలిపించు అధికారమును కేంద్రప్రభుత్వమున కిచ్చినది. 2021 ఏప్రిల్ 1 నుండి నియమములు అమలులోనికి వచ్చినవి. కాని యజమానుల ఫిర్యాదులపై కదలుటకు నిర్ణీతసంఖ్య కావలెనట! కొండలలోని నాలుగు బండ్ల మొర ఏ సంఖ్యకు చాలును? ఏడేండ్లు నిండిన బండికి ఆ రక్షణయు లేదు. మన్యమునకు వచ్చు బండ్ల వయస్సు ఎవ్వరెఱుగరు?

రిజిస్ట్రేషను బదిలీ సమయముననే రవాణాశాఖవారు పాత పిలుపులు తీరినవో లేదో విచారింపవలెను. వాని జాబితాను హుకుంపేట సంతలో చాటింపవలెను. యజమానులను ఘాటీ దిగి రమ్మనక, కంపెనీలే మెకానిక్కులను పాడేరునకు పంపవలెను.