లెక్కల గంటలో పరుగులకు అనుమతి ఇవ్వండి

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

లెక్కల గంటలో పిల్లలు వరండాలో పరుగెడుతుంటే తనిఖీకి వచ్చినవారు ‘క్రమశిక్షణ లేదు’ అని రాసుకుపోతున్నారు. అది సంఖ్యల వేటండీ. సంఖ్యలను దగ్గరి పదికి, వందకు సవరించడం మూడో తరగతికి అలా సాధన చేయిస్తున్నాం.

గోడల మీద చీటీలు అంటిస్తాం. ఒకదానిలో ‘347ను దగ్గరి వందకు సవరించు’ అని ఉంటుంది. పైన 300 అని రాసి ఉన్న చీటీని వెతికి పట్టుకుని, దాని కిందున్న ప్రశ్న అందుకోవాలి. అన్నీ సరిగ్గా చేస్తే బయలుదేరిన చీటీకే తిరిగొస్తారు.

కావాలనే 400 చీటీ కూడా ఒకటి పెడతాం, కింద ప్రశ్న లేకుండా. 347ను ముందు 350 చేసి, దాన్ని మళ్లీ 400 చేసేవాళ్లు తిన్నగా అక్కడికే పోయి ఆగిపోతారు. నల్లబల్ల మీద ఎంత చెప్పినా వదలని ఈ పొరపాటు, అక్కడ నిలబడి తోటివాళ్లతో వాదించుకుంటే వదులుతుంది. (వాదన కాస్త గట్టిగానే ఉంటుంది, ఒప్పుకుంటాం.)

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా ఆటలతో నేర్పమనే చెబుతోంది. ఈ వేటను బోధనగానే నమోదు చేయమని తనిఖీ అధికారులకు చెప్పండి. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఈ ఆట చూపించడానికి అరగంట ఇప్పిస్తే చీటీలు మేమే తెస్తాం.

ఇట్లు,
ఒక సర్కారు బడి లెక్కల టీచరు