ఆజాద్ వీసాతో రసీదు లేని పన్ను

సౌదీలో జీతంపై ఆదాయపు పన్ను లేదన్న మాట కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో అందరికీ తెలిసిందే. ఆ మాట నమ్మి, అక్కడ సొంతంగా పని చేసుకుందామని అప్పుచేసి 'ఆజాద్ వీసా' కొనేవారు ఎందరో. నిజానికి అటువంటి వీసా అక్కడి చట్టంలో లేదు.

వీసా ఇచ్చిన కఫీల్ కాగితం మీదే యజమాని. బయట పని చేసుకోనిచ్చినందుకు అతనికి సొమ్ము ముట్టజెప్పాలి. ఇఖామా ఖర్చూ పనివాడి నెత్తినే. పని దొరికినా దొరక్కపోయినా కట్టక తప్పదు. ఇది రసీదు లేని పన్ను కాక మరేమిటి? తిండి, బట్టలపై 2020 జూలై నుంచి 15 శాతం పన్ను ఉండనే ఉంది. కఫీల్ 'పారిపోయాడు' అని ఫిర్యాదు చేస్తే ఖల్లివెల్లి బతుకే. కూలి ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు.

దుబాయిలో సొంత వృత్తికి 2022లో గ్రీన్ వీసా వచ్చింది. దానికి డిగ్రీయో డిప్లొమాయో కావాలి. తాపీమేస్త్రీకి అది అందని పండే.

పన్ను లేనంత మాత్రాన స్వేచ్ఛ ఉన్నట్లు కాదు. కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారా, యజమాని పేరు, పని, జీతం రాసిన ఒప్పందంతోనే విమానం ఎక్కాలి. అధికారులు ఈ సంగతి గ్రామసభల్లో చెప్పాలి. శవపేటిక వచ్చాక చెప్పే సానుభూతి కంటే, అప్పుకాగితం రాయకముందు చెప్పే మాట మేలు.